బీరువాలో పెట్టిన నెట్టు

మా యారాలి ఉద్యోగం పోగొట్టింది నేనే. చల్లకొచ్చి ముంత దాచడమెందుకని ముందే చెప్పేస్తున్నాను. చదివాక ఎవరైనా నా మీద జాలి పడితే అది వాళ్ల ఖర్మ, నేనైతే అడగలేదు.

యారాలంటే మా మరిది భార్య. కోస్తా వాళ్లు తోడికోడలంటారు. మా ఇంట్లో ఆమెను చిన్నది అనీ, నన్ను పెద్దది అనీ పిలుస్తారు. పెళ్లినాడు శుభలేఖలో అచ్చయిన పేర్లు ఇద్దరివీ ఆ శుభలేఖలోనే ఉండిపోయాయి.

మాది వరంగల్‌లో కాశిబుగ్గ వైపు ఇల్లు. కింద హాలు, వంటిల్లు. పైన మా గది, దాని పక్కన మా అత్తమ్మ గది. ఆ పైన డాబా, డాబా మీద ఒంటి గది. అది మరిది వాళ్లది. చౌరస్తా దగ్గర మాకు జంపఖానాలు, చద్దర్లు అమ్మే దుకాణం ఉంది. సరుకు ఎక్కువగా కొత్తవాడ నేతగాళ్ల దగ్గరే తెస్తాం. మామ పోయినప్పటి నుంచి గల్లా మీద మా అత్తమ్మే కూర్చుంటుంది. పొద్దున పదింటికి కొడుకులిద్దరినీ వెంటేసుకుని పోతే మళ్లీ అయిదింటికి గానీ ఇల్లు చేరదు. పగలంతా ఇంట్లో మేమిద్దరమే.

దుకాణదారుల ఇళ్లల్లో ఒక అలవాటుంటుంది. దేనికైనా తాళం వేయందే నిద్ర పట్టదు. మా ఇంట్లో చక్కెర అల్మరాకు తాళం, పాత చీరల పెట్టెకు తాళం, ఫోన్ చార్జర్లున్న సొరుగుకు కూడా తాళం. అత్తమ్మ గదిలోనే దేవుడి మూల, అక్కడే ఇనప బీరువా. ఆమె దుకాణానికి పోతూ ఆ గదికి తాళమేసి గుత్తి నా చేతిలో పెట్టి పోతుంది. దాన్ని నడుముకు చెక్కుకుని ఇల్లంతా తిరగడమే నాకున్న హోదా. ఆ గది మడిగది. తానం చేసి నేనొక్కదాన్నే పోవాలి. చిన్నది డాబా మీద టేబుల్ దగ్గరే తింటుంది, తాగుతుంది, అందుకని దాన్ని అత్తమ్మ లోపలికి రానిచ్చేది కాదు.

నాది స్టేషన్ ఘన్‌పూర్. పదో తరగతిలో బడికి ఫస్టు వచ్చాను. ఇంటర్ మొదటి ఏడు సగంలో ఉండగా పెళ్లి చేశారు, భౌతికశాస్త్రం పుస్తకం అట్ట కూడా నలగలేదు. వచ్చి పదిహేడేళ్లయింది. ఈ పదిహేడేళ్లలో మా ఆయన నాతో ఎక్కువసార్లు అన్న మాట ఏదని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెబుతాను: "నీకేం సమజైతది."

చిన్నది హనుమకొండలో డిగ్రీ చదివింది. పెళ్లయి వచ్చిన ఏడాదికి ఏదో కోర్సు నేర్చుకుని హైదరాబాద్ కంపెనీలో ఉద్యోగం తెచ్చుకుంది. దవాఖానల కాగితాలు చూసి, ఏ రోగానికి ఏ కోడ్ వేయాలో కంప్యూటర్‌లో వేసే పని. ఇంట్లోనే కూర్చుని చేయొచ్చు. మూడు నెలలు చూస్తారు, తర్వాత ఒక పరీక్ష పెడతారు, నిలిస్తే పర్మినెంటు. కంపెనీ ఒక షరతు పెట్టింది: ఇంటికి సొంత నెట్ లైన్ ఉండాలి, ఫోన్ నెట్‌తో చేయనివ్వరు. మా అత్తమ్మ ఇంకో షరతు పెట్టింది.

"మూడు నెలలు చూస్త. అండ్ల పర్మినెంట్ అయినవా, నీ ఇష్టం, డాబా దిగకు. కాలేదా, మళ్ల ఉద్యోగం ముచ్చట ఈ ఇంట్ల ఎత్తద్దు. పెద్దదాని లెక్క పొయ్యికాడ ఉండాలె."

పెద్దదాని లెక్క. నేను అక్కడే నిలబడి చాయ్ గ్లాసులు తీస్తున్నాను. చిన్నదానికి అదొక శిక్షలాగా చెప్పింది, నాకేమో అది జీవితం. చిన్నది "సరే అత్తమ్మా" అంది. దానికి ఆ మూడు నెలలే ఆధారం. ఆ సంగతి ఇంట్లో అందరికంటే నాకే బాగా తెలుసు.

నెట్ లైన్ వచ్చిన ఆదివారం ఇప్పటికీ కళ్లముందే ఉంది. కరెంటు స్తంభం అత్తమ్మ కిటికీ పక్కన ఉంది కాబట్టి వైరు ఆ గదిలోకే వచ్చింది. ఇన్వర్టర్ ప్లగ్గు కూడా అక్కడే. లైన్ మనిషి నెట్ డబ్బాను చెక్క అరమీద పెట్టి, వెలుగుతోందని చూపించి పోయాడు. మిగతాదంతా చిన్నదే చేసుకుంది. అత్తమ్మ ఆ ఒక్కపూటకు దాన్ని గదిలోకి రానిచ్చింది, అదీ తలస్నానం చేయించి. పూజారిలా చెవిలో పువ్వొకటి తక్కువ.

"అక్కా, జర ఈ కొస పట్టుకో" అని వైరు చుట్ట నా చేతికిచ్చింది. హాల్లో టీవీకి వైరుతోనే నెట్ ఇవ్వాలి, అత్తమ్మకు భజనల చానెల్ ఆగకుండా రావాలి, అది ఆమె పెట్టిన రెండో షరతు. నీలం వైరు పైపొర ఒలిస్తే లోపల ఎనిమిది సన్నటి తీగలు, నాలుగు రంగులు, వాటికి తోడు తెల్లచారలు. ఒక వరుసలో పేర్చి, ప్లాస్టిక్ పిన్నులో దూర్చి, పట్టకారులాంటి దాంతో నొక్కాలి. వరుస తప్పిందా, నెట్ రాదు. చిన్నది ఒక కొస చేసి చూపించింది. జంపఖానా చారల వరుస ఒకసారి చూస్తే మరిచిపోని కళ్లు నావి. రెండో కొస నేనే పేర్చాను. నొక్కితే కటుక్కుమంది. కింద టీవీలో భజన మొదలైంది.

చిన్నది నా వైపు అదోలా చూసింది. "నాకు కాలేజీల నాలుగు పిన్నులు ఖరాబైనంక వచ్చింది అక్కా. నీకు ఒక్కసారికే వచ్చింది."

ఏం చెప్పను, పొంగిపోయాను. దాని వెనకాలే తిరిగాను ఆ రోజంతా. ఈ డబ్బా ఏం చేస్తుంది అని అడిగితే విసుక్కోకుండా చెప్పింది. ఇంట్లో టీవీకీ, ఫోన్లకూ, లాప్‌టాప్‌కూ తలా ఒక నంబరు ఇస్తుందట, బయటి నుంచి వచ్చినదాన్ని ఎవరిది వాళ్లకు పంచుతుందట. పాస్‌వర్డ్ ఎందుకో చెప్పింది. గాల్లో సిగ్నల్ ఎట్లా పోతుందో చెప్పింది.

"ఇటుక గోడను దాటుతది అక్కా, జర బలం తగ్గుతది, అంతే. ఇనుమును మాత్రం దాటలేదు. ఇనప డబ్బాల పెట్టి మూత పెడితే సచ్చినట్టే."

"మరి వైరు పెట్టిన టీవీకో? దానికి కూడ పోతదా?" అని అడిగాను.

"దానికేం కాదు. వైరుల పోయేది వైరులనే పోతది. మంచి మాట అడిగినవ్ అక్కా."

పదిహేడేళ్లలో నేనడిగినదాన్ని ఎవరూ మంచి మాట అనలేదు. ఆ సాయంత్రం చపాతీలు ఒత్తుతూ ఆ ముక్కను ఎన్నిసార్లు మనసులో తిప్పుకున్నానో చెబితే సిగ్గుచేటు. మీరేమో దీన్ని బట్టి నేను దానికి మేలు చేసి ఉంటాననుకుంటారు.

డాబా మీద గదికి కూడా వైరే గుంజాలని చిన్నది చూసింది. బయటి గోడ మీంచి తీసుకెళ్లి బిగించింది. రెండో రోజుకే కోతులు దాన్ని పీకి, కొరికి, తునకలు చేసి పిట్టగోడ మీద పెట్టి పోయాయి. లోపలి నుంచి గుంజాలంటే కప్పుకు తూటు వేయాలి. ఇంటికి తూటేమిటని అత్తమ్మ ఒప్పుకోలేదు. డాబా గది సరిగ్గా అత్తమ్మ గది మీదే కాబట్టి సిగ్నల్ బాగానే అందుతోంది. సరేలే అనుకుని చిన్నది దాంతోనే పని మొదలుపెట్టింది.

మొదటి నెల బాగా జరిగింది. బాగా జరిగిందంటే దానికి. తొమ్మిదింటికి చెవులకు ఏవో తగిలించుకుని కూర్చుంటే ఆరింటికి లేచేది. ఆ మధ్యలో వంట నాది, గిన్నెలు నావి, దుకాణానికి టిఫిన్ క్యారియర్లు నావి. పదకొండింటికి దానికి చాయ్ కూడా నేనే తీసుకెళ్లాలి. "పాపం చిన్నది దిగలేదు" అనేది అత్తమ్మ. రెండు అంతస్తుల మెట్లు. ఒకరోజు పోతే గది తలుపు మీద కాగితం అంటించి ఉంది: మీటింగ్ నడుస్తోంది, దయచేసి తలుపు కొట్టవద్దు. ఎండలో చాయ్ పట్టుకుని నిలబడ్డాను. లోపల అది ఇంగ్లీషులో ఏదో అని నవ్వుతోంది. నిలబడి నిలబడి చాయ్ మీద మీగడ కట్టింది.

దసరా ముందర అత్తమ్మ తరఫు చుట్టపామె ఒకామె వచ్చింది. నేను మంచినీళ్ల పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. అత్తమ్మ గొప్పలు మొదలుపెట్టింది. "మా చిన్నది కంపెనీల పని చేస్తాంది. పెద్ద పెద్ద దవాఖానల లెక్కలన్ని ఇంట్లకెల్లే చూస్తది."

ఆమె నా వైపు చూసి "మరి పెద్దదేం చదివింది" అంది.

"అదేం చదివింది, ఏం లేదు" అంది అత్తమ్మ, నేనక్కడ లేనట్టు.

బడికి ఫస్టు వచ్చిన మాట నా నోటి దాకా వచ్చింది. మింగాను. నీళ్లు ఇచ్చి వంటింట్లోకి పోయి గిన్నెలు ఒకదాని మీదొకటి వేసి కొట్టాను. నిజానికి కొట్టాల్సింది అత్తమ్మ మాటను. కానీ అత్తమ్మ మీది కోపం అత్తమ్మ మీద చూపే దమ్ము నాకు లేదు. అత్త మీది కోపం దుత్త మీద అని ఊరికే అన్నారా. నా దుత్త డాబా మీద కూర్చుని ఇంగ్లీషులో నవ్వుతోంది. కుళ్లుకున్నాను. దీనికి ఇంకో మర్యాదైన మాట వెతకను.

దసరాకు మా ఇంట్లో కూడు పెట్టే వస్తువులన్నిటికీ పూజ చేస్తారు. గల్లాపెట్టె, బట్ట కొలిచే గజం, కత్తెర, స్కూటర్లు, అన్నిటికీ పసుపు కుంకుమలు. ఆ ఏడు అత్తమ్మ నెట్ డబ్బాకు కూడా బొట్టు పెట్టింది. నేను పక్కన హారతి పళ్లెం పట్టుకుని ఉన్నాను. డబ్బా మీద కుంకుమ బొట్టు, పక్కన తెరిచి ఉన్న ఇనప బీరువా. ఆ రెండూ ఒక్కచోట కనబడగానే ఆలోచన పుట్టింది. ఎక్కడి నుంచో రాలేదు, నాలోంచే వచ్చింది.

"ఇంటికి జీతం తెచ్చే డబ్బా అత్తమ్మా" అన్నాను మెల్లగా. "గట్లనే చెక్కమీద పెడితిమి. బల్లులు తిరుగుతయి, ఎలుకలు తిరుగుతయి. రేపు ఎవడన్న కిటికీల నుంచి చెయ్యి పెడితే?"

"అయితే ఏం చేద్దామంటవ్?"

"లక్ష్మి ఉండేకాడ లక్ష్మి ఉంటే మంచిది గద. మీ ఇష్టం."

మీ ఇష్టం అనడంలో ఉంది కిటుకంతా. అత్తమ్మ డబ్బా వైపు, బీరువా వైపు చూసింది. విలువైన వస్తువు తాళం బయట ఉండటం ఆమెకు మొదటి నుంచీ మింగుడు పడలేదు. ఇంకెవరింట్లోనైనా అయితే నవ్వి ఊరుకునేవాళ్లు. మా అత్తమ్మ మాత్రం "నువ్వన్నది నిజమే" అంది. ఆ మాట కూడా నాతో అనడం మొదటిసారే.

బీరువా వెనక రేకు తుప్పుపట్టి అర్ధరూపాయంత తూటు పడి ఉంది. వైర్లన్నీ నేనే ఊడదీసి, ఆ తూటులోంచి దూర్చి, మళ్లీ దేని బొక్కలో దాన్ని పెట్టాను. లైన్ వైరు దాని చోట, టీవీ వైరు దాని చోట, కరెంటుది దాని చోట. ఒక్కటి తప్పలేదు. పచ్చలైట్లు నాలుగూ వెలిగాయి. అత్తమ్మ వెండి కుందుల పక్కన డబ్బాను సర్ది, బీరువా మూసి తాళమేసింది.

"చిన్నదానికి చెప్పు, డబ్బా ఈడ పెట్టినమని."

"చెప్తా అత్తమ్మా" అన్నాను. చెప్పలేదు.

పాత బీరువా తలుపుల మధ్య సందు ఉంటుంది. అందుకని సిగ్నల్ పూర్తిగా చావలేదు. చచ్చి ఉంటే ఒక్కరోజులో సంగతి బయటపడేది. పొద్దున పూజకు అత్తమ్మ బీరువా తెరిచినప్పుడు డాబా మీద నెట్ బ్రహ్మాండంగా వచ్చేది. ఆమె తాళమేసి దుకాణానికి పోగానే కొసప్రాణంతో కొట్టుకునేది. వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. చేసిన పని సేవ్ కాకముందే ఊడిపోతే మొదటి నుంచి చేయాలి. చిన్నది పిచ్చిదైపోయింది.

"అక్కా, జర పైకి పోయి డబ్బా మీద లైట్లు వెలుగుతున్నయా చూడరాదు?"

పోయేదాన్ని. గది తాళం తీసి, బీరువా సందులోంచి చూసేదాన్ని. దిగి వచ్చి చెప్పేదాన్ని. "నాలుగు పచ్చగనే ఉన్నయి చెల్లె." ఒక్క అబద్ధం లేదు అందులో. తడిగుడ్డతో గొంతు కోయడం అంటారే, గుడ్డ ఎంత మెత్తగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది.

నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే లైన్ బాగానే ఉందన్నారు. మరిదికి చెబితే కింద టీవీ పెట్టి చూపించాడు. భజన గడగడా వస్తోంది. "నెట్ మంచిగనే ఉన్నది. నీ లాప్‌టాపే ఖరాబుంటది, లేకపోతే నీకే చేతనైతలేదు" అన్నాడు. అత్తమ్మ "నీ పనిల తప్పులు దాసుకోను నెట్ మీద పెడుతున్నవా" అంది. నేను కూరలో ఉప్పు చూస్తూ "టీవీ అయితే మంచిగనే వస్తాంది చెల్లె" అన్నాను. వైరులో పోయేది వైరులోనే పోతుందని నాకు చెప్పింది అదే కదా. ఆ మాట దానికే తట్టలేదు. భయంలో ఉన్నవాళ్లకు తాము నేర్పినవి కూడా గుర్తురావు.

లాప్‌టాప్‌ను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని డాబా అంతా తిరిగేది. నీళ్ల ట్యాంకు కింద కాసేపు, మెట్ల మీద కాసేపు. ఎక్కడ ఒక గీత ఎక్కువ కనబడితే అక్కడ చతికిలబడేది. ఒక చేత్తో కోతులను అదిలిస్తూ ఇంకో చేత్తో కోడ్లు కొట్టేది. ముఖం ఎండకు కమిలిపోయింది. నేను బట్టలు ఆరేస్తూ చూసేదాన్ని. జాలి వేసిందని రాయొచ్చు, నాకు పేరొస్తుంది. కానీ వేయలేదు. పదిహేడేళ్లుగా పొయ్యి ముందర నా ముఖం కమిలింది, ఎవరు చూశారు అనుకున్నాను.

పరీక్ష శుక్రవారం పదకొండింటికి. మూడు నెలలూ దాని కోసమే. దుకాణానికి అందరూ పోయాక చిన్నది వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడింది. జుట్టు తడిగా ఉంది.

"అక్కా, అత్తమ్మ గది తాళం ఇయ్యరాదు. డబ్బా పక్కన నేల మీద కూసొని రాస్త. తలస్నానం చేసిన. పొద్దుటి నుంచి ఏం తినలే, చాయ్ గిట్ల ముట్టలే. రెండు గంటలే అక్కా."

గుత్తి నా నడుముకే ఉంది. దాని చూపంతా గుత్తి మీదే ఉంది.

"నాదేముంది చెల్లె. అత్తమ్మను అడుగు."

అక్కడే నిలబడి ఫోన్ చేసింది. దుకాణం రద్దీలో అత్తమ్మ గొంతు నాక్కూడా వినబడింది. "మడిగదిల కంప్యూటర్ పెట్టుకొని కూసునుడేంది. గంత మందం పని ఉంటే పెద్దదాన్ని చూడుమను." ఫోన్ పెట్టేసింది.

"నేను చూస్త తియ్యి" అని మెట్లెక్కాను. చిన్నది నా వెనకాలే వచ్చి, అత్తమ్మ గది ముందు నుంచి డాబా మెట్లెక్కుతూ "ఒక్కసారి బంద్ చేసి ఆన్ చెయ్యి అక్కా" అని చెప్పి పోయింది. పైన దాని గదిలో కుర్చీ లాగిన చప్పుడు వినబడింది.

నేను గదిలోకి పోయి బీరువా ముందు నిలబడ్డాను. బీరువా తాళం కూడా ఆ గుత్తిలోనే ఉంది. డబ్బాను బయటికి తీయనక్కర్లేదు. తలుపు జానెడు తెరిచి పెట్టినా చాలు. రెండు గంటలు. ఆ తర్వాత మళ్లీ మూసినా ఎవరికీ తెలియదు. చెయ్యి తాళంచెవి మీదికి పోయింది కూడా. కప్పు మీంచి దాని అడుగుల చప్పుడు, అటూ ఇటూ. నాకు ఆ చుట్టపామె గుర్తొచ్చింది. అదేం చదివింది, ఏం లేదు. మామ ఫొటో మీద దుమ్ము తుడిచాను. ప్లగ్గు బంద్ చేసి, మళ్లీ వేశాను. బయటికొచ్చి గదికి తాళం పెట్టాను.

"ఎట్లున్నయక్కా?" పై నుంచి అడిగింది.

"పచ్చగున్నయి" అన్నాను.

మూడుసార్లు ఊడిపోయింది. నాలుగోసారి లోపలికి రానివ్వలేదు. అది నాకు పన్నెండున్నరకు తెలిసింది. చిన్నది దిగి వచ్చి ఫ్రిజ్ పక్కన నేల మీద కూర్చుని, ఏడవకుండా, "అయిపోయింది అక్కా" అంది. నేను మంచినీళ్లిచ్చాను. తాగింది. థాంక్స్ కూడా చెప్పింది.

సోమవారం కంపెనీ నుంచి వద్దని కాగితం వచ్చింది. అయినా చిన్నది లైన్ మీద ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు. తప్పు తనది కాదని ఎవరితోనైనా అనిపించుకోవాలని దాని పంతం. ఆ ఆదివారం లైన్ మనిషి వచ్చాడు. నడీడు మనిషి, చేతిలో సంచి. ఇంట్లో అందరం ఉన్నాం. "డబ్బా ఏది తల్లీ" అని అడిగాడు. అత్తమ్మ గర్వంగా గది తాళం తీసింది, తర్వాత బీరువా తాళం తీసింది. చిన్నది గుమ్మం బయటే నిలబడి ఉంది.

అతను వెండి కుందుల మధ్య డబ్బాను చూసి తల పట్టుకున్నాడు. "ఇనప బీరువల పెట్టిండ్రేందమ్మా. దీంట్లకెల్లి సిగ్నల్ ఎట్ల బయటికొస్తది? వైర్లు మాత్రం ఏవి ఆడ్నే కరెక్టుగ పెట్టిండ్రు. ఎవరు పెట్టిండ్రు?"

"పెద్దదే పెట్టింది. లక్ష్మి ఉండేకాడ పెడ్దామన్నది" అంది అత్తమ్మ. అయిపోయింది, దొరికిపోయాను అనుకున్నాను.

మా ఆయన నవ్వాడు. మామూలు నవ్వు కాదు, కడుపు పట్టుకుని. "దాని చదువెంత, దాని తెలివెంత. దానికేం సమజైతది ఇనుము, సిగ్నలు." మరిది కూడా నవ్వాడు. "వదినె దానికి మంగళహారతి పాడలే, నయం." అత్తమ్మ నుదురు కొట్టుకుని "తెల్వనిదాని మాట పట్టుకొని నేను పెట్టిన, నాది బుద్ధితక్కువ" అంది. లైన్ మనిషి కూడా మర్యాదకు నవ్వాడు.

నన్ను ఎవరూ అనుమానించలేదు. అనుమానించాలంటే ముందు నాకు తెలివి ఉందని ఒప్పుకోవాలి కదా. పదిహేడేళ్లు ఏ మాట వింటే ఒళ్లు మండిందో ఆ మాటే నన్ను కాపాడింది. నేనూ నవ్వాను. "నాకేం ఎరుక" అన్నాను, కొంగు నోటికడ్డం పెట్టుకుని.

చిన్నది నవ్వలేదు. అది నన్ను చూడటం లేదు. బీరువా వెనక తూటులోంచి వచ్చిన వైర్లను చూస్తోంది. దేని బొక్కలో అది, తప్పు లేకుండా.

మధ్యాహ్నం మగవాళ్లు పడుకున్నాక వంటింట్లోకి వచ్చింది. నేను బెండకాయలు కోస్తున్నాను. ఎదురుగా కూర్చుంది. గొంతు పెంచలేదు.

"వాళ్లంత నీకు సమజ్ కాదనుకుంటున్నరు అక్కా. నీకు ఎంత సమజైతదో ఈ ఇంట్ల నాకొక్కదానికే ఎరుక. ఇనుము ముచ్చట నీకు నేనే చెప్పిన. వైరు ముచ్చట నువ్వే అడిగినవ్. యాది లేదా?"

యాది ఉందని అంటే ఏమయ్యేది? అరిచేదేమో, ఏడ్చేదేమో, అత్తమ్మతో చెప్పేదేమో. కానీ ఆ ఇంట్లో నన్ను తెలివైనదాన్నని నమ్మిన ఒక్క మనిషీ నా ఎదురుగా కూర్చుని, అవునో కాదో చెప్పమంటోంది. ఔనంటే దొంగనవుతాను. కాదంటే మొద్దునవుతాను. మొద్దుగా ఉండటం నాకు అలవాటే.

"నాకేం ఎరుక చెల్లె. పదోదాక చదివినదాన్ని. నువ్వు చెప్పినవన్ని నా నెత్తికి ఎక్కుతయా?"

చిన్నది నా చేతిలోంచి చాకు తీసుకుని మిగతా బెండకాయలు అదే కోసింది.

ఇది జరిగి ఎనిమిది నెలలు. ఉద్యోగం మాట మళ్లీ ఎత్తలేదు. పొద్దున ఆరింటికి నాతోపాటే లేస్తుంది, పని సగం పంచుకుంటుంది, ఒక్క పూట ఎగ్గొట్టదు. ఒక్కదాన్నే చాకిరీ చేస్తున్నానని పదిహేడేళ్లు ఏడ్చాను, ఇప్పుడు తోడు దొరికింది. నేను మాట్లాడిస్తే "ఆ అక్కా" అంటుంది.

మొన్న మా ఆయన నాకు కొత్త ఫోన్ తెచ్చాడు. అందులో కాల్ రికార్డు ఎక్కడుందో కనబడక, ఏదైతే అదైందని చిన్నదాన్ని అడిగాను. గిన్నెలు కడగడం ఆపి, చేతులు తుడుచుకుని వచ్చింది. ఫోన్ నా ముఖం ముందు పట్టుకుంది. చెవిటివాళ్లకు చెప్పినట్టు గొంతు పెంచి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"అక్కా. ఇగో. ఇది ఎర్రగుండు. ఎర్ర. దీన్ని వేలుతోని నొక్కాలె. నొక్కితే మాట్లాడింది దీంట్ల ఉంటది. మళ్ల నొక్కితే బంద్ అయితది. ఎర్రది. సమజైందా?"

హాల్లోంచి అత్తమ్మ కేకేసింది. "మెల్లగ చెప్పవే, దానికి తొందరగ ఎక్కది."

"మెల్లగనే చెప్తున్న అత్తమ్మా" అంది చిన్నది, నా కళ్లలోకి చూస్తూ.

సమజైందన్నాను. అయినా ఇంకోసారి చెప్పింది.